మనిషికో సీసా

అమీర్‌పేట, పంజగుట్టల్లో ‘వైన్స్’ బోర్డులకు కొదవ లేదు. వాటిలో వైన్ కొనడమే కష్టం. ఎప్పుడో ఒకసారి, అదీ ఒక్క గ్లాసుతో ఆగిపోయే మనిషి ఓడ ఎక్కబోతూ ఒక సీసా వెంట తీసుకెళ్తే ఏమవుతుంది?

రాత్రి ఏడున్నర. అమీర్‌పేట మెట్రో మెట్ల మీంచి జనం ధారగా దిగుతున్నారు. మైత్రీవనం వైపు క్లాసులు వదిలిన పిల్లలు వీపున బ్యాగులు, చేతిలో మిర్చిబజ్జీల పొట్లాలతో హాస్టళ్లకు మళ్లుతున్నారు. నేను మాత్రం పంజగుట్ట వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకి కాస్త లోపలున్న ఒక వైన్స్ ముందు నిలబడ్డాను. ఇనప గ్రిల్లుకి అవతల ముగ్గురు కుర్రాళ్లు, ఇవతల ఇరవై చేతులు. “అన్నా, రెండు క్వార్టర్లు”, “చిల్డ్ ఉందా?”, “చిల్లర ఇయ్యన్నా!” నా వంతు వచ్చింది.

“తమ్ముడూ, వైన్ ఉందా?”

“ఇది వైన్సే గద సార్. ఏం గావాలె?”

“వైన్స్ కాదయ్యా, వైన్. ద్రాక్షతో చేసేది.”

కుర్రాడు నన్నొకసారి, నా వెనక క్యూనొకసారి చూశాడు. క్యూలో ఎవరో నిట్టూర్చారు. అతను ప్లాస్టిక్ స్టూలు లాగి ఎక్కి, పై అరలో సీలింగుకి ఆనుకుని ఉన్న నాలుగు సీసాల్లోంచి ఒకటి దింపాడు. భుజం మీది తువ్వాలుతో తుడిస్తే దుమ్ము కింద ‘నాశిక్’ అన్న అక్షరాలు బయటపడ్డాయి.

“మేడమ్‌కా సార్?”

“కాదు, నాకే.”

“అచ్ఛా... కేక్‌లకేమో అనుకున్న. డిసెంబర్ల కేక్‌లోళ్లు కొంటరు. మిగిలిన దినాలు ఎవ్వరడగరు.”

మన ఊళ్లో వైన్ తాగేవాడంటే ఎవరో ఆ కుర్రాడి రెండు ఊహల్లోనే తెలిసిపోయింది. అయితే ఆడవాళ్లు, లేకపోతే కేకు. తెలంగాణలో లైసెన్సున్న మద్యం దుకాణాలు 2,620. కాగితాల మీద వాటిని ఏ4 షాపులంటారు, జనం నోట అన్నీ వైన్సులే. లోపల అమ్ముడయ్యేది మాత్రం విస్కీ, బీరు, బ్రాందీ. బోర్డు మీద పేరున్న సరుకుకి పై అర, దాని మీద దుమ్ము. ‘బట్టల షాపు’ అని బోర్డు పెట్టి లోపల చెప్పులమ్మితే ఊరుకుంటామా? దీన్నెప్పుడూ ఎవరూ అడగలేదు.

ఆ సీసా నేను కొన్నది ఇంట్లో తాగడానికి కాదు. సముద్రం మీదికి తీసుకెళ్లడానికి.

ఆదిత్యా ఎన్‌క్లేవ్ నుంచి గాల్వెస్టన్

క్రూయిజ్ అన్న మాట మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే అమీర్‌పేట గురించి రెండు మాటలు చెప్పాలి. మా అల్లుడు ఇరవై ఏళ్ల కిందట ఆదిత్యా ఎన్‌క్లేవ్‌లో టెస్టింగ్ టూల్స్ నేర్చుకున్నాడు. ఒక గదిలో అయిదుగురుండే హాస్టల్, పొద్దున ఇడ్లీ, రాత్రి క్లాసు. అప్పట్లో గోడల మీద మెయిన్‌ఫ్రేమ్స్, ఒరాకిల్, శాప్ పోస్టర్లు. ఇప్పుడవే గోడల మీద డెవాప్స్, పైథాన్. కింద ఫోన్ నంబర్లు చింపుకునే చీటీలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇక్కడి నుంచి కూతవేటు దూరంలో బేగంపేట పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికా కాన్సులేట్ ఉండేది. ఆ తర్వాత అది నానక్‌రామ్‌గూడకు తరలిపోయింది. అంటే చదువు అమీర్‌పేటలో, వీసా పక్క సందులో. మా అల్లుడు ఆ కాన్సులేట్ రాకముందే చెన్నై వెళ్లి స్టాంపింగ్ చేయించుకొచ్చాడు, అది వేరే సంగతి.

ఆ తరం పిల్లలకిప్పుడు నలభై దాటాయి. అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు. మొదటిసారి వెళ్తే నయాగరా, రెండోసారి గుడి, మాల్, మనవడి స్కూలు. మూడోసారికి చూపించడానికి ఏమీ మిగలక ఓడ ఎక్కిస్తారు. సియాటెల్ పిల్లలైతే అలాస్కా, ఫ్లోరిడా వాళ్లయితే బహామాస్, డాలస్ వాళ్లయితే గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో. సింగపూర్ వెళ్లినవాళ్లు అక్కడి నుంచే మలేసియా వైపు రెండు మూడు రాత్రుల ఓడ ఎక్కుతారు. మాది డాలస్ బాపతు.

టికెట్ తీసినరోజు అమ్మాయి ఫోన్ చేసింది. “నాన్నా, షిప్‌లోకి మనిషికో వైన్ సీసా పట్టుకెళ్లొచ్చట. మీరెలాగూ పెద్దగా తాగరు, ప్యాకేజీ దండగ. అక్కడి నుంచి ఒకటి తెచ్చుకోండి, సరదాగా ఉంటుంది.”

పక్కనే స్పీకర్లో వింటున్న మా ఆవిడ అంది: “పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టుంది. ఓడ నిండా మందేనంటారు, మళ్లీ ఇక్కడి నుంచి మోత దేనికీ?”

సబబైన ప్రశ్నే. జవాబు లెక్కల్లో ఉంది.

ప్యాకేజీ లెక్క

క్రూయిజ్ టికెట్లో గది, భోజనం, నాటకం, ఈతకొలను అన్నీ కలిసి ఉంటాయి. మందు కలవదు. ఓడ కంపెనీకి టికెట్ మీద మిగిలేదానికంటే లోపల పెట్టించే ఖర్చు మీదే ఆశ ఎక్కువ. బార్, కాసినో, ఫొటోలు, స్పా అన్నీ ఆ ఖాతాలోవే. అందుకే డ్రింక్స్ ప్యాకేజీ. రోజుకు మనిషికి, టిప్పుతో కలిపి 70, 80 డాలర్ల మాట. కార్నివాల్ ఓడల్లో ఆ ప్యాకేజీ కొంటే 24 గంటల్లో 15 మద్యం డ్రింకుల దాకా ఇస్తారు. 15! దాని పక్కనే ఇంకో నిబంధన ఉంది. గదిలో ఒక్కరు కొంటే కుదరదు, ఆ గదిలోని వయోజనులంతా కొనాల్సిందే. లేకపోతే ఒకరు కొని ఇద్దరు తాగుతారని భయం.

మా గది సంగతి చూడండి. నేను రోజుకొక గ్లాసు. అది కూడా రోజూ కాదు. మా ఆవిడ నిమ్మసోడా. మనిషికి 80 చొప్పున ఇద్దరికి, అయిదు రోజులకు 800 డాలర్లు. విడిగా కొంటే ఓడ బార్లో గ్లాసు వైన్ పన్నెండు, పదమూడు డాలర్లు. అయిదు గ్లాసులకు అటూ ఇటూగా 65. 80 డాలర్లు గిట్టాలంటే నేను రోజుకు ఆరేడు గ్లాసులు తాగాలి. ఆరు తాగితే నేను సముద్రం చూడను, సముద్రమే నన్ను చూస్తుంది.

ఈ పాఠం మాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట వేరే ఓడ ఎక్కినప్పుడు ఒక ఏజెంటు “సార్, ప్యాకేజీ లేకపోతే అక్కడ ఇబ్బంది పడతారు” అంటే నమ్మి ఇద్దరికీ కొన్నాను. మూడు రాత్రుల్లో నేను తాగింది నాలుగు గ్లాసులు. మా ఆవిడ పళ్లరసం అడిగితే “తాజాది ప్యాకేజీలో రాదు మేడమ్, డబ్బాది వస్తుంది” అన్నారు. ఆ బిల్లు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. నాతో మాట తేడా వచ్చినప్పుడల్లా బయటికి తీస్తుంది.

ఇక రెండో దారి, మనిషికో సీసా. కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండూ గాల్వెస్టన్ నుంచి ఓడలు నడుపుతాయి. రెండింటిదీ ఇంచుమించు ఒకే పద్ధతి. 21 ఏళ్లు నిండినవాళ్లు ఎక్కే రోజున, 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి, సీలు తీయనిది, చేతి సంచిలో తెచ్చుకోవచ్చు. విస్కీ, రమ్, బీరు కుదరవు. నార్వేజియన్ వాళ్లు సీసాకింతని రుసుము కట్టించుకుని లోపలికి రానిస్తారు. డిస్నీ వాళ్లు ఉదారులు, వైన్ అయితే రెండు సీసాలు, అదీ ప్రతి రేవులోనూ. ఎమ్మెస్సీ ఓడల్లో అసలేదీ కుదరదు. ఈ నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న కంపెనీ కాగితం చదివాకే సూట్‌కేసు సర్దుకోండి.

తెచ్చిన సీసా గదిలో తాగితే ఉచితం. భోజనాల హాల్లో తెరిపిస్తే కార్కేజీ కట్టాలి. అంటే, నీ సీసాకి మా గ్లాసు, మా మనిషి, మా బిరడా స్క్రూ అన్న లెక్క. చాలా ఓడల్లో అది ఎన్నో ఏళ్లుగా 15 డాలర్ల చుట్టుపక్కలే తిరుగుతోంది. నేను పంజగుట్టలో వెయ్యి పైచిలుకు పెట్టి కొన్న సీసాకి మూత తీయించే కూలి ఆ ధరను దాటేస్తుందన్నమాట.

వైన్‌కి మాత్రమే ఈ మినహాయింపు ఎందుకు? నాకు తోచింది చెబుతాను. 750 మిల్లీలీటర్ల విస్కీ అంటే పన్నెండు లార్జులు. గదిలో దాచుకుని కోక్ డబ్బాలో కలుపుకు తిరిగితే బార్ గల్లా పడిపోయినట్టే. అదే సీసాడు వైన్ అయితే 150 చొప్పున అయిదే అయిదు గ్లాసులు. దాంతో ఓడకు పోయేదేముంది? పైగా తెచ్చుకున్నవాడు సీసా అయిపోయాక బార్లో రెండోది కొంటాడన్న ఆశ. పెళ్లివారికి ముందుగా ఒక లడ్డూ పెట్టినట్టు.

దొంగదారులూ ఉన్నాయి. మౌత్‌వాష్ సీసాలో రంగు కలిపిన వోడ్కా, షాంపూ ఆకారంలో ప్లాస్టిక్ సంచులు, సీలు తీసి మళ్లీ అతికించిన నీళ్ల సీసాలు. కార్నివాల్ వాళ్లు విసిగిపోయి 2015లో సీసాల్లో నీళ్లూ కూల్‌డ్రింకులూ తేవడమే ఆపేశారు, డబ్బాల్లో ఉన్నవైతే సరే అన్నారు. మన దగ్గర యానాం నుంచి కాకినాడ వైపు వచ్చే బస్సుల్లో తనిఖీ చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. గోవా విమానం దిగినవాళ్ల బ్యాగుల్లోంచి మన ఎక్సైజ్ వాళ్లు సీసాలు ఏరిన వార్తలూ చదివాం. పక్క రాష్ట్రంలో పన్ను కట్టిన సీసా ఇక్కడికొచ్చేసరికి దొంగసరుకు. ఎక్కడ ధర తేడా ఉంటే అక్కడ సూట్‌కేసులో సీసా ఉంటుంది.

ఒక్క గ్లాసు మనిషి

మన తెలుగునాట రెండే రకాలు. “మా వాడు ముట్టడండీ” ఒకటి, “వాడు తాగుతాడు” రెండోది. మధ్యలో ఉన్నవాడికి పేరు లేదు. పెళ్లిసంబంధాల కాగితాల్లో ‘అలవాట్లు’ అన్న గడి దగ్గర ఈ మధ్య ‘అకేషనల్’ అని రాస్తున్నారు. ఆ మాట చూడగానే అమ్మాయి తండ్రి ముందు ఆరా తీసేది ఆ అకేషన్లు వారానికి ఎన్ని అని.

ఈ రెండు ముక్కల లెక్క ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి లేచారు. 1993 అక్టోబర్‌లో సారా పోయింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు. సారా వల్ల కూలి డబ్బులు పోగొట్టుకుని, దెబ్బలు తిని, ఇల్లు మునిగినవాళ్ల దగ్గరకెళ్లి ‘ఒక్క గ్లాసు’ అనే మాట ఎత్తడం కూడా సిగ్గుచేటు. వాళ్ల దృష్టిలో ఒక్క గ్లాసంటే తొలి గ్లాసే. వాళ్లు చూసిన మగవాళ్లలో మొదటిదాని దగ్గర ఆగినవాళ్లు తక్కువ మరి.

అయినా అసలు మధ్యరకం మన దగ్గర లేకపోలేదు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, నగరంలోకి రోజూ కల్లు ఎలా వచ్చేదో, దాని మీద సుల్తానుకు ఎంత సుంకం దక్కేదో రాసిపెట్టాడు. తెల్లవాళ్లు కల్లుని కూడా తాటి వైనే అన్నారు. అది మన దేశవాళీ తేలికపాటి పానీయం. పొద్దున దించితే తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు. మా తాతగారు తాటిచెట్టు కింద ఒక ముంత తాగి పొలానికి వెళ్లేవారు. ఆయన్ని ఎవరూ తాగుబోతన్న గుర్తు లేదు. ఇంట్లో మా బామ్మకు గూట్లో ద్రాక్షారిష్టం సీసా ఉండేది. భోజనం తర్వాత రెండు మూతలు, సమానంగా నీళ్లు. అరిష్టమంటే పులియబెట్టిన మందు, అందులో ఆల్కహాల్ తనంతట తాను పుడుతుంది. బామ్మ అది తాగి కాసేపు ఎర్రబడ్డ మొహంతో భాగవతం వినేది. దాన్ని వైన్ అని ఎవరైనా అని ఉంటే ఆ సీసా వాళ్ల మీదికే వచ్చేది. మందుని ‘మందు’ అనే పిలుచుకునే జాతి మనది, ఎటొచ్చీ ఏ మందు ఏదో తేల్చుకోలేం.

ద్రాక్ష మనకి కొత్తా కాదు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాద్ ద్రాక్షే. లావుపాటి తెల్లని గింజ ద్రాక్ష, తినడానికే తప్ప పిండడానికి కాదు. ఆ తోటలు ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలు. వైన్ ద్రాక్ష మహారాష్ట్రకు, కర్ణాటకకు పోయింది. నాశిక్‌లో 1999లో సులా మొదలైంది. బెంగళూరు దగ్గర నందికొండల్లో గ్రోవర్ వాళ్లు అంతకంటే ముందే నాటారు. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి. మనకు వచ్చే సీసాలు దాదాపు ఈ మూడు దిక్కులవే.

ఒక్క గ్లాసు అంటే ఎంత? ఇది చాలామంది తప్పు లెక్క వేసుకునే చోటు. మన విస్కీ 42.8 శాతం. స్మాల్ 30 మిల్లీలీటర్లు. వైన్ 12, 13 శాతం, గ్లాసు 150. కూడి చూస్తే గ్లాసు వైన్‌లో ఉన్న ఆల్కహాల్ దగ్గర దగ్గర స్మాల్‌న్నర. “వైనే కదా, ద్రాక్షరసం” అని రెండు గ్లాసులు లాగించినవాడు మూడు స్మాల్స్ మింగినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిందైతే ఇంకా సూటిగా ఉంది: ఆల్కహాల్ ఇంతవరకు క్షేమం అని గీత గీయడానికి లేదు. నా ఒక్క గ్లాసుని నేనేమీ గుండెకు మంచిదని సమర్థించుకోవడం లేదు. నచ్చి తాగుతాను, అంతే.

విశాఖకు వచ్చిన ఓడ

మన రేవుకి క్రూయిజ్ రాలేదా అంటే వచ్చింది. 2022 జూన్ 8న కోర్డీలియా కంపెనీ వారి ‘ఎంప్రెస్’ విశాఖలో ఆగినప్పుడు ఊరు ఊరంతా బీచ్ రోడ్డు మీద నిలబడి చూసింది. 1990లో ఫ్రాన్స్‌లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా పుట్టి, రాయల్ కరీబియన్ దగ్గర పనిచేసి, చేతులు మారి 2021లో ముంబయి చేరిన ఓడ అది. అదే ప్రయాణంలో పుదుచ్చేరి మాత్రం మొదట రానివ్వలేదు, కాసినో గొడవ. ఆ తర్వాత 2023 సెప్టెంబర్ 4న విశాఖలో 96 కోట్ల పైచిలుకు ఖర్చుతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. భవనం సిద్ధం. ఓడలే పండగ చుట్టాల్లా ఎప్పుడో గానీ రావు.

ఎంప్రెస్‌లోకి బయటి మద్యం ఎక్కనివ్వరు. వైన్ అయినా సరే. మనవాళ్ల సంగతి తెలిసి పెట్టిన నిబంధనే అనిపిస్తుంది. మనిషికో సీసా అంటే, పదిమంది బృందంలో తొమ్మిదిమంది తమది కాని సీసాలు పట్టుకొస్తారు. ఇండియన్ ఓడ ఎక్కే ఒక్క గ్లాసు మనిషికి నా సలహా ఒకటే: ప్యాకేజీ జోలికి పోకుండా గ్లాసు లెక్కన కొనుక్కోండి. బిల్లు చూసి అప్పటికప్పుడు బాధ కలుగుతుంది గానీ, ఆ బాధ బీరువాలో దాచేంత పెద్దది కాదు.

సూట్‌కేసు

వైన్ ఎంచుకునేటప్పుడు నాకు తట్టని విషయం మూత. వైన్స్ కుర్రాడు మొదటి సీసా పక్కన ఇంకొకటి కూడా దింపి చూపించాడు. ఒకదానికి బిరడా, ఒకదానికి తిప్పే మూత. బిరడా ఉన్నదే అసలు వైన్ అన్న ఒక పాత అపోహతో దాని మీద చెయ్యి వేశాను. అతనే ఆపాడు.

“తీసుడెట్ల సార్? స్క్రూ ఉందా ఇంట్ల?”

లేదు. బిరడా స్క్రూ కొని చేతిసంచిలో పెట్టుకుంటే విమానాశ్రయంలో లాగేసుకున్నా లాగేసుకోవచ్చు. లేకపోతే ఓడలో ఎవరినో బతిమాలాలి. తిప్పే మూతదే తీసుకున్నాను. తెరిచిన సీసా మళ్లీ మూసుకోవాల్సిన మనిషికి ఆ మూతే దేవుడు. రోజుకొక గ్లాసు చొప్పున అయిదు రోజులు లాగాలంటే బిరడా రెండోరోజు లోపలికి దిగదు. హాఫ్ బాటిల్, అంటే 375 మిల్లీలీటర్లది ఇంకా నయం. అది ఉందా అని అడిగితే కుర్రాడు తడుముకోకుండా విస్కీ హాఫ్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

విమానం లెక్క నిజానికి సులువు. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నదానికి చెకిన్ బ్యాగులో ప్రమాదకర సరుకు ఆంక్షలు వర్తించవు. 24 నుంచి 70 శాతం మధ్యదైతే మనిషికి 5 లీటర్లు. చేతిసంచిలో మాత్రం అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లు దాటిన ఏ ద్రవమూ పనికిరాదు, అది వైనయినా వేపనూనె అయినా. శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో కొంటే సీలు వేసిన సంచిలో ఇస్తారు, అది గమ్యం చేరేదాకా చింపకూడదు. అమెరికాలో దిగిన మొదటి ఊళ్లో బ్యాగులు తీసుకుని మళ్లీ వేస్తారు కదా, అక్కడ దాన్ని పెద్ద పెట్టెలోకి మార్చాలి. 21 దాటినవాళ్లకు అమెరికాలో లీటరు దాకా సుంకం లేదు. మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు 2 లీటర్లు. నా ముప్పావు లీటరు అన్ని చట్టాల కిందినుంచీ తల వంచకుండా దూరిపోయింది.

చట్టం ఒప్పుకున్నా మా ఆవిడ ఒప్పుకోవాలిగా. పెట్టెలో ఒకపక్క ఆవకాయ డబ్బా, గోంగూర పచ్చడి, ఇంకోపక్క అరిసెలు, మనవడికి సున్నుండలు. “దేవుడి ప్రసాదం ఉన్న పెట్టెలో అది పెట్టకండి” అంది. నా పెట్టెలోకి మార్చాను. పాత తువ్వాలులో చుట్టి, పాలిథిన్ సంచిలో దోపి, దానికో ముడి వేసి, లుంగీల మధ్య పడుకోబెట్టాను. దోహాలో దిగి డాలస్ చేరేదాకా నా ధ్యాసంతా ఆ పెట్టె మీదే. డాలస్‌లో తెరిచి చూస్తే సీసా క్షేమం. కారింది ఆవకాయ.

అయిదు రాత్రులు

డాలస్ నుంచి గాల్వెస్టన్ అయిదు గంటల కారు ప్రయాణం. రేవు దగ్గర మళ్లీ ఎక్స్‌రే. నా ముందున్న ఒక కుర్రాడి బ్యాగులోంచి రెండు రమ్ సీసాలు తీసి పక్కన పెట్టారు. నా సంచి బెల్టు మీద ఆగింది. కాపలా ఆవిడ తెరిచి సీసా పైకెత్తింది, మూత తిప్పి చూసింది, చీటీ చదివింది. ‘ఇండియా’ అన్న మాట కాస్త సాగదీసి పలికింది. పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూసి నవ్వి తిరిగిచ్చేసింది. 21 నిండాయా అని నన్ను చూసి అడగడం ఆమె ఉద్యోగధర్మం, నవ్వడం మాత్రం ఆమె మంచితనం.

“ఏమండీ, నా పేరు మీద కూడా ఒక సీసా కోటా ఉందిగా?” అంది మా ఆవిడ వెనక నుంచి. రేషన్ కార్డు మీద తీసుకోని చక్కెర గుర్తొచ్చినట్టు.

మొదటి రాత్రి భోజనాల హాల్లో కార్కేజీ కట్టే ఉద్దేశం నాకు లేదు. గదిలో బాత్రూమ్ అద్దం పక్కనున్న నీళ్ల గ్లాసులో పోసుకుని డెక్ మీదికి నడిచాను. ఎవరూ అడగలేదు. గాల్వెస్టన్ దీపాలు వెనక్కి పోతున్నాయి. మెక్సికో సింధుశాఖ నల్లగా, నూనె పోసినట్టు ఉంది. నాశిక్ ద్రాక్ష, పంజగుట్ట దుమ్ము, టెక్సస్ గాలి. బాగుందా అని అడగకండి. కొంచెం వగరు, కొంచెం నేరేడుపండు, వేడిగా ఉంది. రెడ్ వైన్ గది చల్లదనంలో తాగాలంటారు, కానీ ఆ మాట అన్నవాళ్ల గదులు మే నెలలో డాలస్ కారు డిక్కీలో మగ్గినవి కావు. రెండోరోజు నుంచి గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పెట్టాను.

కోజుమెల్‌లో దిగినప్పుడు అందరూ టెకీలా కొన్నారు. ఓడ ఎక్కుతుంటే మెట్ల దగ్గరే ఆ సీసాలు తీసుకుని చీటీలిచ్చారు, ఆఖరి రాత్రికి గానీ చేతికివ్వరు. ఓడలోని షాపులో కొన్నదీ అంతే. నా అరసీసా మాత్రం ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ పక్కన నిశ్చింతగా ఉంది. ఓడంతటిలో తన సొంత మందు తన గదిలో తాగుతున్నవాణ్ణి నేనేనేమో అనిపించి ఒక క్షణం గర్వం కూడా వేసింది.

మూడోరాత్రి మా ఆవిడ పప్పు, అన్నం అడిగింది. ముందురోజు చెబితే ఇండియన్ శాకాహారం వండిపెడతారు. అది తిని గదికొచ్చి, “ఒక్క చుక్క ఇటివ్వండి, ఏముందో అందులో చూస్తాను” అంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మొదటిసారి. మూతలో పోసి ఇచ్చాను. తాగి చాలాసేపు కిటికీలోకి చూసింది. “మా అమ్మమ్మ ద్రాక్షారిష్టం నయం” అంది. తర్వాత ఇంకో మూత అడిగింది.

నాలుగోరోజుకి రుచి దిగజారింది. తెరిచిన వైన్‌కి గాలి శత్రువు, ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఓపిక పట్టదు. అయిదోరోజుకి సీసా అడుగున రెండు వేళ్ల మందాన మిగిలింది. వాసన చూస్తే చింతపండు నానబెట్టిన నీళ్లు. పారబోయడానికి నాకు మనసొప్పలేదు, మా ఆవిడకు ఒప్పింది. సింకులో ఒంపేసి, వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, సీసా తలకిందులుగా పెట్టి ఆరబెట్టింది.

గాల్వెస్టన్‌లో దిగగానే ఇంకో బల్ల ఎదురైంది. టెక్సస్ రాష్ట్ర మద్యం కమిషన్ వాళ్లది. ఓడ దిగేవాళ్లు తెచ్చే ప్రతి సీసాకి అక్కడ రాష్ట్రం పన్ను కట్టాలి. కేంద్రం సుంకం వేరు, ఇది వేరు. మన ఎక్సైజ్ వాళ్లు గుర్తొచ్చి నాకు ఇల్లు చేరినట్టే అనిపించింది. టెకీలా వాళ్లంతా డబ్బులు తీస్తున్నారు. నా సంచిలోంచి ఖాళీ సీసా తీసి అక్కడి మనిషికి చూపించాను. అతను దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, మూత తీసి వాసన చూశాడు, నన్ను చూశాడు. ఖాళీ సీసాకి టెక్సస్‌లోనూ పన్ను లేదు.

అది మళ్లీ అదే తువ్వాలులో, అవే లుంగీల మధ్య హైదరాబాద్ వచ్చింది. ఎస్సార్ నగర్‌లో మా వంటింటి కిటికీలో ఉంది, అందులో మనీప్లాంట్ మూడో ఆకు వేసింది. మూత నువ్వులనూనె సీసాకి సరిగ్గా సరిపోయిందట.